చిప్పులో పట్టని జముకు

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానానికి పాట ఎప్పుడూ పూర్తిగా చేరలేదు. ఏ రూపంలో వచ్చినా దారిలో కొంత పోగొట్టుకునే వచ్చింది. లక్క ప్లేటు మీద వచ్చినప్పుడు నిడివి పోయింది. రేడియోలో వచ్చినప్పుడు పైస్థాయి సన్నదనం పోయింది. క్యాసెట్టులో వచ్చినప్పుడు పాటతోపాటు హోరు కూడా వచ్చింది. సెల్‌ఫోను చిప్పులో వచ్చినప్పుడు మాత్రం ఏమీ పోనట్టే అనిపించింది. ఎందుకంటే, పోయేదంతా మన చెవి పట్టించుకోని చోటు చూసుకుని పోయేలా దాన్ని తయారుచేశారు.

కాశీబుగ్గ బస్టాండుకి దగ్గర్లో నాకో కొట్టు ఉండేది. మొదట క్యాసెట్లు రికార్డు చేసేవాణ్ణి, తర్వాత సీడీలు కొట్టేవాణ్ణి, ఆఖర్న చిప్పుల్లో పాటలెక్కించేవాణ్ణి. ఆ పని పోయాక కూడా ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఎంపీ3గా కుదించిన పాటకీ, ఏమీ తీసెయ్యని పాటకీ తేడా మనిషి చెవికి తెలుస్తుందా? పట్నాల్లో ఖరీదైన హెడ్‌ఫోన్లు కొన్నవాళ్ళు దీనిమీద గంటలకొద్దీ వాదించుకుంటారు. నా మట్టుకు ఇది జీడితోటల పక్కన అమ్మవారి సంబరంలో, కొబ్బరిచెట్టుకి కట్టిన గొట్టం మైకు కింద, దుబాయి పోయే కుర్రాడి జేబులో తేలాల్సిన ప్రశ్న. జవాబు కూడా నాకు ఇక్కడి వినికిడి చరిత్రలోనే దొరికింది.

ప్లేట్ల కాలం నుంచి చెప్పుకొస్తాను. 1902లో గ్రామఫోన్ కంపెనీ పంపగా ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ గొంతు రికార్డు చేశాడు. 1928 నుంచి కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ప్లేట్లు అచ్చయ్యేవి. కాశీబుగ్గను ఆనుకునే ఉన్న పలాస హౌరా-మద్రాసు రైలుదారి మీద ఉంది కాబట్టి అక్కడ తయారైన సరుకు ఇక్కడికి దూరమేమీ కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే 10 అంగుళాల ప్లేటులో ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. మన నాటక పద్యం ఆ కొలతకి పుట్టింది కాదు. హరిశ్చంద్రుడు కాటిసీనులో రాగం ఎత్తుకున్నాడంటే, జనంలోంచి వన్స్‌మోర్ పడిందంటే, ఒక్క పద్యం ఎంతసేపటికీ తెమలదు. అదే పద్యం ప్లేటు మీదికెక్కాలంటే నటుడు రాగం తగ్గించుకోవాలి, ఊపిరి తీసుకునే జాగా కూడా లెక్కచూసుకోవాలి. యంత్రాలు పాటను కుదించడం మొదలుపెట్టక ముందే పాడేవాడే తన పాటను కుదించుకున్నాడు. తర్వాతి తరం నటులు ఆ ప్లేట్లు విని పద్యం నేర్చుకున్నారు.

చెవికి తేడా తెలుస్తుందా అన్న ప్రశ్నను ఆ రోజుల్లోనే అమెరికాలో సభపెట్టి మరీ అడిగారు. 1915 నుంచి సుమారు పదేళ్ళపాటు ఎడిసన్ కంపెనీ ఊరూరా ప్రదర్శనలు ఇచ్చింది. గాయని వేదిక మీద నిలబడి తన ప్లేటుతో కలిసి పాడుతుంది, మధ్యలో పెదవి కదపడం ఆపేస్తుంది. ఒక్కోసారి హాలంతా చీకటి చేసేవారు, దీపాలు వెలిగాక చూస్తే గాయని వేదిక మీద ఉండదు. ఏది మనిషి గొంతో ఏది యంత్రమో తెలియలేదని జనం ఒప్పుకునేవారు. 1920లో అన్నా కేస్ అనే గాయని న్యూయార్కు కార్నెగీ హాలులోనే అలా పాడింది. తన గొంతును ప్లేటు శబ్దానికి సరిపోయేలా తగ్గించుకుని పాడేదాన్నని చాలా ఏళ్ళ తర్వాత ఆమే చెప్పింది. ఇవాళ ఆ ప్లేటు వింటే చిన్నపిల్లవాడు కూడా తేడా చెప్పేస్తాడు. ఆనాటి శ్రోతలు అబద్ధమాడారని నేననుకోను. అంతకుముందు వాళ్ళు విన్న ప్లేట్లతో పోలిస్తే అది నిజంగానే మనిషి గొంతులా ఉంది. చెవి ఎప్పుడూ నిన్న విన్నదానితోనే ఇవాళ విన్నదాన్ని కొలుస్తుంది.

మా నాన్న తరానికి ప్లేటంటే ఇంట్లో వినే వస్తువు కాదు, మైకు సెట్టువాడి సామాను. పెళ్ళికీ సంబరానికీ వాడొచ్చి ఎత్తైన కొబ్బరిచెట్టు చూసి గొట్టం కట్టేవాడు. ఆ గొట్టంలోంచి అడుగు శబ్దం రాదు, పైస్థాయి సన్నదనం రాదు. నడుమ భాగం ఒక్కటే కీచుగా, గట్టిగా, తోటలు దాటి వినిపిస్తుంది. పక్కూరివాళ్ళకి ఎవరింట్లో పెళ్ళో ఆ శబ్దంతోనే తెలిసేది. అది చేయాల్సిన పని అది చేసింది.

రేడియో సంగతీ అంతే. విజయవాడ కేంద్రం 1948లో వచ్చింది. అదే ఏడు అటు కటక్‌లోనూ కేంద్రం పెట్టారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా కూడా ఇంటి భాషే గనుక రెండు వైపుల పాటలూ చెవిన పడేవి. విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న మొదలైంది. సాయంత్రమైతే రేడియో సిలోన్‌లో మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు పలుకు కోసం ముల్లు మెల్లగా తిప్పేవాళ్ళు. మీడియం వేవ్‌లో ఒక్కో కేంద్రానికి ఇచ్చే జాగా 9 కిలోహెర్ట్‌జులు. అందులో పాటకు మిగిలేది సుమారు నాలుగున్నర. ఆరోగ్యంగా ఉన్న పడుచు చెవి 20 కిలోహెర్ట్‌జుల దాకా వినగలదు. అంటే నాలుగో వంతు కూడా రాలేదన్నమాట. ఆ మిగిలిన భాగంతోనే మా వాళ్ళు ఘంటసాలను గుండెల్లో పెట్టుకున్నారు. కుదించిన పాట పాట కాదు అనేవాళ్ళతో నేను ఏకీభవించలేనిది ఇందుకే.

అయితే ఈ ప్రాంతానికి తనదంటూ ఒక శబ్దం ఉంది. అది ప్లేటుకీ రేడియోకీ సరిపడేలా పుట్టలేదు. జముకు అనే వాద్యం చూడనివాళ్ళకోసం చెబుతాను. గుల్లగా ఉండే గొట్టం, దానికి ఒకవైపు తోలు మూత, ఆ తోలు నడిమధ్య నుంచి బయలుదేరే నరపు తీగ. తీగ రెండో కొసను చేత్తో పట్టుకుని బిగిస్తూ వదులుతూ మీటుతారు. బిగిస్తే స్వరం పైకెక్కుతుంది, వదిలితే జారుతుంది. డోలుకీ తీగవాద్యానికీ నడుమ ఉండే శబ్దమది. మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కథకుడు అడిగిన ప్రశ్నకి అదే ఊఁ కొడుతుంది, అదే వెక్కిరిస్తుంది, అదే ఏడుస్తుంది. అమ్మవారి కథలు దానిమీద రాత్రంతా నడిచేవి. పలాస దగ్గర బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళ గిరిజన రైతాంగ ఉద్యమకాలంలో తన మాట జనానికి చెప్పడానికి ఎంచుకున్న రూపాల్లో జముకుల కథ ముఖ్యమైనది. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయాడు. రైతుకీ కూలికీ అప్పటికే బాగా తెలిసిన శబ్దాన్ని పట్టుకోవడం ఆయన ముందుచూపు.

జముకు ఒక్కటే కాదు. తప్పెటగుళ్ళ జట్టు చూడండి. గుండెల మీద రేకు తప్పెటలు, కాళ్ళకి గజ్జెలు, అందరూ ఒక్కసారి గెంతి ఒక్కసారి కొడతారు. చెక్కభజనలో చెక్కలు, కోలాటంలో కోలలు, భజనలో తాళాలు. అన్నీ ఠకీమని పుట్టి టక్కున ఆగే శబ్దాలే. సాగదీసి పాడే గొంతు ఉంటుంది, దాని పక్కనే కొరడా దెబ్బలాంటి వాద్యమూ ఉంటుంది. ఈ స్వభావాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు మన దేశంలో 1980ల్లో చవకైంది. అప్పటినుంచే నాలాంటి కొట్లు పుట్టాయి. గిరాకీదారు కాగితం మీద పాటల పేర్లు రాసుకొచ్చి ఇచ్చేవాడు. సిక్స్‌టీ కావాలా నైంటీ కావాలా అని అడిగి, రెండు అరల డెక్కులో పెట్టి రికార్డు చేసి సాయంత్రానికి ఇచ్చేవాళ్ళం. ఈ పనిలో చెవి దానంతటదే పదునెక్కుతుంది. కంపెనీ క్యాసెట్టు నుంచి తీసిన కాపీకీ, ఆ కాపీ నుంచి తీసిన కాపీకీ హోరులో తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. వేగం పెంచి కాపీ తీస్తే తాళాల మెరుపు తగ్గుతుంది. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా పాట దుప్పటి కప్పుకుంటుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడవడం పొద్దున్నే చేసే మొదటి పని. బారువ, భావనపాడు వైపు నుంచి వచ్చే క్యాసెట్లను చూడగానే పోల్చేవాణ్ణి. ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పట్టి ఉండేది, రీలు అంచున తెల్లటి బూజు.

సినిమా పాటలతోపాటు ఇంకో రకం క్యాసెట్లు కూడా నా బల్ల మీదికి వచ్చేవి. సంబరం రాత్రి ఎవరో టేప్‌రికార్డరు ముందు పెట్టుకుని పట్టిన జముకుల కథలు, తప్పెటగుళ్ళు, తూర్పు భాగవతం. ముందు వరసలో పిల్లల అల్లరి, నడుమ కుక్కలు, పెట్రోమాక్సు బుస్సుమనడం అన్నీ పడేవి. ఆ క్యాసెట్టుకి కంపెనీ ప్రతి ఉండదు. ఉన్నది ఆ ఒక్కటే.

ఇక ఎంపీ3. జర్మనీలో ఎర్లాంగెన్ దగ్గరి ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్‌ట్స్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన తోటివాళ్ళూ 1980ల్లో దీనిమీద పనిచేశారు. ఫైలు చివర ఎంపీ3 అని రాయాలని 1995 జూలై 14న ఖాయం చేసుకున్నారు. వాళ్ళ ఆలోచన ఇది. సీడీలో ఒక్క సెకను పాటకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరసలు. మొత్తం సెకనుకు 14,11,200 బిట్లు. ఇంత సమాచారంలో చెవి వాడుకునేది కొంతే. డోలు దెబ్బ పడ్డ క్షణంలో దాని చుట్టుపక్కల స్థాయిలో ఉన్న సన్నని శబ్దం మనకు వినబడదు. దెబ్బ పడ్డాక కాసేపటిదాకా, పడకముందు అంతకంటే చిన్న వ్యవధిలో కూడా చెవి చిన్న శబ్దాన్ని పట్టుకోలేదు. ఆ చాటున పడే భాగాన్ని ముతకగా రాసుకుంటే చాలు, బోలెడు జాగా మిగులుతుంది. సెకనుకు 128 కిలోబిట్లలో పాటను కుదిస్తే సీడీలో పదకొండో వంతుకు తగ్గుతుంది.

అలా కుదించడం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి బ్రాండెన్‌బుర్గ్ వాడిన పాటల్లో సుజేన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' ఒకటి. వాద్యం లేని ఒంటరి గొంతు. మొదట్లో ఆ గొంతు యంత్రంలో పడి ఘోరంగా చెడిపోయిందట. అది బాగయ్యేదాకా సరిచేస్తూ పోయారు. యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య పరీక్షలకోసం తెచ్చిన సీడీలో కాస్టనెట్లు ఉంటాయి, అవి స్పెయిన్ వాళ్ళ చిడతలు. వీటిని కుదింపుకి కొరకరాని కొయ్యలుగా ఆ రంగంలో అందరూ ఎరుగుదురు. మన జముకును ఆ బల్లమీద ఎవరూ పెట్టలేదు. ఏది వినబడదో తేల్చిన చెవులు వేరే సంగీతంలో పెరిగిన చెవులు. దీన్ని తప్పని చెప్పడం లేదు, జరిగిన సంగతి చెబుతున్నాను.

మా కొట్టుకు ఆ కుదింపు మొదట ఎంపీ3 సీడీగా వచ్చింది. మామూలు సీడీలో డజనుకు కాస్త ఎక్కువ పాటలు పట్టేచోట నూట యాభై పాటలు. తర్వాత చిప్పు. 128లో పాటకు నిమిషానికి ఇంచుమించు ఒక ఎంబీ. ఒక జీబీ చిప్పులో రెండు వందల పాటలు పడతాయి, 64కి కుదిస్తే నాలుగు వందలు. ఏమీ తీసెయ్యకుండా పెడితే ఇరవై. గిరాకీదారు అడిగేది ఒక్కటే: ఎన్ని పాటలొస్తాయి? ఉద్దానం కుర్రాళ్ళు వెల్డింగు, రిగ్గింగు పనులకు గల్ఫుకూ సింగపూరుకూ పోతారు. తీరం పల్లెలవాళ్ళు చేపలవేటకు గుజరాత్‌లోని వేరావల్ పోతారు. నెలలతరబడి పడవలోనో లేబర్ క్యాంపులోనో ఉండే మనిషికి నాలుగు వందల పాటలంటే మాటలు కాదు. పాట ఎంత శుభ్రంగా ఉందో అడగడానికి ముందు పాట ఉండాలి కదా. కుదింపు లేకపోతే ఆ చిప్పులో వాళ్ళ అమ్మకిష్టమైన పాట పట్టేది కాదు.

పైనుంచి వచ్చే సరుకులో మాత్రం మోసం ఉండేది. 128లోనో అంతకు తక్కువలోనో ఉన్న పాటను మళ్ళీ 320గా మార్చి వదిలేవాళ్ళు. ఫైలు పెద్దదవుతుంది, పోయిన శబ్దం తిరిగి రాదు. స్పెక్ట్రమ్ బొమ్మ తీసి చూస్తే 16 కిలోహెర్ట్‌జుల దగ్గర గోడ కట్టినట్టు తెగిపోయి ఉంటుంది. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు 320 అనగానే చటుక్కున తలెత్తేవాళ్ళు. పలాసలో 320 అంటే పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే రకం. అక్కడ అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. పాటల్లో అంకె పెరిగేకొద్దీ మంచిదంటే వాళ్ళకి విచిత్రంగా ఉండేది.

అసలు తేడా తెలుస్తుందా అన్న ప్రశ్నను తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఏబీఎక్స్ అంటారు. అసలు పాట ఒకటి, కుదించింది ఒకటి, మూడోది ఆ రెండింట్లో ఏదో చెప్పకుండా వినిపిస్తారు. ఏదో నువ్వు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా సగం సార్లు తగులుతుంది. పదహారు సార్లలో పన్నెండు సరిగ్గా చెబితే, అది అదృష్టం కొద్దీ జరిగే అవకాశం నూటికి నాలుగు లోపే. అప్పుడు చెవికి నిజంగా వినబడినట్టు లెక్క. కంప్యూటర్లో ఫూబార్2000 అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఎవరైనా ఇది చేసుకోవచ్చు. రెండిటి శబ్దం సరిసమానంగా పెట్టడం ముఖ్యం. ఇసుమంత గట్టిగా వినబడినదాన్నే మనసు మంచిదంటుంది.

కొట్టు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో నేనీ పరీక్ష పెట్టేవాణ్ణి. కుర్రాళ్ళు, ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్ళు, ఓ స్కూలు టీచరు, టెక్కలి గ్రానైటు క్వారీలో డ్రిల్లింగు చేసే మనిషి వినేవారు. సినిమా పాటల్లో 256, 320 దగ్గర ఎవరూ పట్టుకోలేకపోయారు. బాగా వాదించినవాళ్ళూ పట్టుకోలేదు. 128 దగ్గర వినడం అలవాటైన ఒకరిద్దరు, అదీ కొన్ని పాటల్లోనే, తాళాల దగ్గరో చప్పట్ల దగ్గరో ఆగి చెప్పేవారు. 64 దగ్గర అందరికీ తెలిసేది. గజ్జెలు నీళ్ళలో మోగినట్టు వినిపిస్తాయి. క్వారీ మనిషికి మాత్రం ఆ 64 కూడా బాగానే ఉండేది. ఏళ్ళతరబడి డ్రిల్లు మోత తిన్న చెవికి పైస్థాయి ఎప్పుడో పోయింది. అందులో అతని తప్పేముంది? అతని పాట అతనికి నిండుగానే ఉంది.

పెద్ద చోట్ల జరిగిన పరీక్షలు కూడా ఇలాంటి మాటే చెప్పాయి. సీడీ స్థాయిని మించిన రికార్డింగును సీడీ స్థాయికి తగ్గిస్తే వినబడుతుందా అని బోస్టన్ దగ్గర మేయర్, మోరాన్ అనే ఇద్దరు పరీక్షించి 2007లో ప్రకటించారు. 554 సార్లు అడిగితే సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ అలాంటి 18 పరీక్షలను కలిపి లెక్కేస్తే నూటికి 52.3 వచ్చింది. ముందుగా శిక్షణ ఇచ్చినవాళ్ళలో మాత్రం అంతకంటే బాగా ఎక్కువ. తేడా ఉంటే చాలా సన్ననిది, నేర్చుకుంటే తప్ప దొరకనిది అని నేను అర్థం చేసుకున్నాను.

నేర్చుకున్న చెవి ఎలా ఉంటుందో నాకు జముకు వాయించే ఒక పెద్దాయన చూపించాడు. ఆయన పాత కథ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి, ఒకటి ఏమీ తీసెయ్యకుండా, ఒకటి 128 ఎంపీ3గా వినిపించాను. ఏదేదో చెప్పలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇది నాది కాదు బాబూ," అన్నాడు రెండోదానికి.

"గొంతు మీదే కదా తాతగారూ."

"గొంతు నాదే. తీగి నాది కాదు. తీగి మీటక ముందే సవ్వడి వొచ్చేత్తంది. గీరినట్టు. మీటినాక కరుసుద్ది సూడు, ఆ కరుపు నేదు."

మార్చి మార్చి వినిపించినా అదే మాట, ఎప్పుడూ కుదించినదాని దగ్గరే. ఆయనకి నా వయసు చెవి కూడా లేదు. 12 కిలోహెర్ట్‌జుల పైన ఏమీ వినబడదు, అది వేరుగా చూశాను. అయినా పట్టుకున్నాడు. కారణం తర్వాత నాకు అర్థమైంది. ఎంపీ3 శబ్దాన్ని ముక్కలుగా కోసి లెక్కేస్తుంది. మామూలు ముక్క 576 కొలతలు, అంటే సుమారు 13 మిల్లీసెకన్లు. ముక్క మొదట్లో నిశ్శబ్దం, చివర్లో ఠక్కుమని దెబ్బ ఉంటే, ముతకగా రాసినందువల్ల వచ్చే చెత్త శబ్దం ముక్క మొత్తానికీ పరుచుకుంటుంది. దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలో కూడా పడుతుంది. దాన్నే ఆ రంగంలో ప్రీ-ఎకో అంటారు. ఇలాంటి చోట యంత్రం 192 కొలతల చిన్న ముక్కలకు మారుతుంది, కానీ దానికి ఎక్కువ బిట్లు ఖర్చు. మీటు మీద మీటు పడుతుంటే, పక్కనే తాళం, వెనక వంత, అన్నిటికీ 128 చాలదు. ఆయన 'గీరినట్టు' అన్నది అక్షరాలా అదే. జర్మనీ ఇంజనీర్లు పేరుపెట్టిన లోపాన్ని, ఆ పేరు తెలియకుండా, పైస్థాయి వినబడని చెవితో, కథ చెప్పే మనిషి వేలు పెట్టి చూపించాడు.

ఆయన పట్టుకున్నది స్థాయిని కాదు, సమయాన్ని. జీవితమంతా తీగ ఎప్పుడు బిగిసిందో, ఎప్పుడు వదిలిందో చూసుకుంటూ వచ్చిన మనిషికి ఆ కొన్ని మిల్లీసెకన్లు తన చేతికింది చోటు. తేడా తెలుస్తుందా అని మొత్తంగా అడిగితే జవాబు రాదు. ఎవరికి, ఏ పాటలో, ఏ పరికరం మీద అని అడగాలి. సినిమా పాటను బస్సులో ఇయర్‌ఫోను పెట్టుకుని వినేవాడికి 128 చాలు, 256 అయితే ఏ లోటూ లేదు. జముకు మనిషికి ఆ 128 చాలదు. 320లో పెట్టి వినిపిస్తే మాత్రం ఆయన కూడా "రెండూ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు. నిజాయితీగా చెప్పాలంటే అక్కడితో చెవుల గొడవ తీరిపోయింది.

కానీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో తలెత్తి నిలబడ్డ కొబ్బరి, జీడి, పనస నేలకొరిగాయి. కరెంటు రోజులతరబడి లేదు. అప్పటికి నా వ్యాపారం సన్నగిల్లి రెండేళ్ళయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక చిప్పు పట్టుకుని కొట్టుకి వచ్చేవాడు లేడు. తుఫాను తర్వాత మాత్రం జనం వేరే పనికి వచ్చారు. తడిసిన క్యాసెట్లు తెచ్చారు. చనిపోయిన తండ్రి చెప్పిన కథ, అమ్మమ్మ పాడిన గౌరమ్మ పాట, ఊరి తప్పెటగుళ్ళ జట్టు. రీలు పైపైన కడిగి, నీడన ఆరబెట్టి, కొత్త క్యాసెట్టు డొల్లలోకి మార్చి, ఒక్కసారి సవ్యంగా తిరిగితే చాలని కంప్యూటరుకు తగిలించేవాణ్ణి. చాలా రీళ్ళు రెండోసారి తిరిగే స్థితిలో లేవు.

ఆ ఒక్కసారిని ఏ రూపంలో దాచాలి? వచ్చినవాళ్ళు ఎంపీ3 చేసివ్వమనేవారు, ఫోనులో వినాలి కాబట్టి. అక్కడే నేను మొండికేసేవాణ్ణి. చెవికి తేడా తెలియదన్న మాట అప్పుడే వినేదానికి సరిపోతుంది. దాచేదానికి సరిపోదు. ఎంపీ3ని విడదీసి హోరు తగ్గించి మళ్ళీ కుదిస్తే, మొదటిసారి మరుగున దాక్కున్న చెత్త పైకి తేలుతుంది. దాన్ని ఇంకొకరికి పంపుతాం. అందుకున్నవాడు బ్లూటూత్ స్పీకరులో పెడితే అక్కడ ఇంకోసారి కుదింపు. ప్రతి యంత్రమూ ముందటి యంత్రం విడిచిపెట్టినదే అసలు పాట అనుకుని తన వంతు తీసేస్తుంది. క్యాసెట్టు కాపీకి కాపీ తీసినప్పుడు హోరు పెరగడం అందరికీ వినబడేది, కాబట్టి అసలు ప్రతిని దాచుకునేవాళ్ళం. ఇప్పటి నష్టం మొదటి రెండు మెట్లలో వినబడదు, అందుకే ఎవరూ దాచుకోవడం లేదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే ఆడవాళ్ళకి ఈ మాట చిటికెలో అర్థమయ్యేది. పాయసంలో నూరి కలిపేశాక అది గుండో బద్దో ఎవరూ చెప్పలేరు, కానీ బద్దల్ని తెచ్చి గుండు కట్టమంటే ఎవరి తరమూ కాదు.

ఎఫ్‌ఎల్‌ఏసీ అనే పద్ధతి ఇందుకోసమే ఉంది. జోష్ కోల్సన్ తయారుచేశాడు, 2001 నుంచి ఉచితం. ఫైలును ఇంచుమించు సగానికి తగ్గిస్తుంది, విప్పితే ఒక్క బిట్టు కూడా తేడా లేకుండా అసలు తిరిగొస్తుంది. డబ్బులు కట్టి వినే పాటల యాప్‌లు ఇప్పుడు లాస్‌లెస్ అని చూపించి అమ్ముతున్నది ఇలాంటిదే. ఆపిల్ 2021 జూన్‌లో అదనపు రుసుము లేకుండానే ఇచ్చింది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో సినిమా పాటలు వినేవాళ్ళు దానికోసం ఆరాటపడనక్కర్లేదని నా అభిప్రాయం. గాలిలోకి పోయేముందు బ్లూటూత్ దాన్ని ఎలాగూ మళ్ళీ కుదిస్తుంది. తమ తాతగారి కథ ఒక్క క్యాసెట్టులో మిగిలినవాళ్ళు మాత్రం తప్పకుండా ఆరాటపడాలి. పెద్ద కంపెనీ పాటకు అసలు ప్రతి ఎక్కడో బీరువాలో భద్రంగా ఉంటుంది. మన సంబరం రాత్రికి అలాంటి బీరువా లేదు.

ఉద్దానం పల్లెల్లో ఇంకా ట్రంకుపెట్టెల్లో, అటకల మీద ఆ క్యాసెట్లు ఉన్నాయి. ఎవరింట్లోనైనా ఉంటే నా మాట వినండి. ఆడుతుందో లేదో చూద్దామని పాత టేప్‌రికార్డరులో పెట్టకండి, నమిలేస్తుంది. ఎండలో ఆరబెట్టకండి. స్పీకరు పక్కన, అయస్కాంతం ఉన్న చోట ఉంచకండి. బూజు పట్టినా పారెయ్యకండి. మంచి డెక్కు ఉన్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జుల వేవ్ ఫైలుగానో ఎఫ్‌ఎల్‌ఏసీగానో ఎక్కించమని అడగండి. రెండు వేర్వేరు ఇళ్ళలో రెండు కాపీలు ఉంచండి. ఎవరు చెప్పిన కథ, ఏ ఊరి సంబరం, ఏ ఏడు, వంత ఎవరు, జముకు ఎవరిది, ఇవన్నీ తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి ఫైలు పేరులో రాసిపెట్టండి. ఆ తర్వాత మీ ఫోనుకోసం దానిలోంచి ఎన్ని ఎంపీ3లు కావాలంటే అన్ని తీసుకోండి.